ఒకే రోజు, ఒకే ఆపరేషన్, ఒకే రకం వాల్వు: ఇద్దరి ఫలితం ఎందుకు వేరైంది?

ప్రశ్న: నల్లమల అన్న

పెద్దలకు, ముఖ్యంగా ఇక్కడున్న వైద్యులకు నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలంలో ఒక పల్లె. మా చెల్లెలికి ఇప్పుడు 29 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఆరోగ్యశ్రీ కింద హైదరాబాదులో ఆమెకు గుండెలో ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు (కవాటం) తీసేసి మెటల్ వాల్వు వేశారు. పదేళ్ల వయసులో ఆమెకు గొంతు నొప్పి వచ్చి, తర్వాత మోకాళ్లు వాచి కొన్నాళ్లు మంచం మీద ఉన్న మాట మాకు గుర్తుంది గానీ, అది గుండెను పట్టే రుమాటిక్ జ్వరమని ఆపరేషన్ నాడే తెలిసింది. ఆపరేషన్ బాగా జరిగింది, మా దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. ఆ మాట ముందుగా చెప్పడం న్యాయం.

అదే రోజు అదే సర్జన్ చేతి మీదుగా పక్క మంచం ఆమెకు కూడా అదే ఆపరేషన్ జరిగింది. ఆమె భర్త బ్యాంకు ఉద్యోగి, ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. పన్నెండు రోజులు ఒకే వార్డులో ఉండడంతో రెండు కుటుంబాలకూ స్నేహం కుదిరి ఇప్పటికీ పండుగలకు ఫోన్లు చేసుకుంటున్నాము. ఆమె నిక్షేపంగా ఉంది. మా చెల్లెలికి మాత్రం పోయిన కార్తీకంలో, పత్తి ఏరే రోజుల్లో, చేను మీదనే ఆయాసం మొదలై రాత్రికి పడుకోలేని స్థితి వచ్చింది. హైదరాబాదుకు చేర్చేసరికి తెల్లవారింది. వాల్వు మీద రక్తం గడ్డ కట్టిందని, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐ.ఎన్.ఆర్. అంకె 1.3 మాత్రమే ఉందని చెప్పి, గడ్డ కరిగే మందు ఎక్కించి బతికించారు. డిశ్చార్జి కాగితంలో కారణం రాసే చోట "మాత్రలు సక్రమంగా వాడలేదు" అని ఉంది.

ఆ వాక్యం అబద్ధం కాదు. పత్తి మీద ఉన్న ఆ రోజుల్లో తొమ్మిది రోజులు ఆమె దగ్గర రక్తం పలచబడే మాత్రలు లేవు, అంతకుముందు మూడు నెలలు రక్త పరీక్షకు పోలేదు. కానీ ఎందుకు లేవో ఆ కాగితంలో లేదు. మొదటి ఏడాది మందులు ఆసుపత్రి నుంచే వచ్చాయి. ఆ తర్వాత కొనుక్కోవాలి, మా మండలం మెడికల్ షాపులో ఆ మాత్ర దొరకదు, అచ్చంపేట పోవాలి. పరీక్ష అచ్చంపేటలో చేయించినా డోసు మార్చి చెప్పే డాక్టరు హైదరాబాదులోనే ఉంటారు కాబట్టి ప్రతిసారీ అక్కడికే పోయేవాళ్లం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు, అది నిజంగా పెద్ద ఊరట. అయినా తోడు పోయే నాకు టికెట్ ఉంది, ఇద్దరి కూలి పోతుంది, పత్తి ఏరే కాలంలో రోజు కూలి అంటే మా ఇంట్లో చిన్న విషయం కాదు. మా బావ ముంబైలో సెంట్రింగ్ పనికి పోయాడు. పాలమూరు వాళ్లకు ఇది వివరించనవసరం లేదు.

నేను అడిగేవి రెండు. బీదవాళ్లకు వాల్వు ఆపరేషన్ తర్వాత ఫలితాలు వేరుగా ఉంటాయని వైద్యులు ఎక్కడైనా లెక్క కట్టి చూశారా, లేక ఇది మా చెల్లెలి రాత మాత్రమేనా? ఇక ముందు ఇలా జరగకుండా మేము ఏమి ఏర్పాటు చేసుకోవాలి?


సమాధానం: గుండె వైద్యుడు, కర్నూలు

మీ చెల్లెలు బతికి బయటపడినందుకు ముందుగా సంతోషం. వాల్వు మీద గడ్డ కట్టినవాళ్లలో కొందరు దారిలోనే పోతారు, కొందరు పక్షవాతంతో మిగులుతారు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. రుమాటిక్ గుండె జబ్బు ఉన్న 3,343 మందిని పన్నెండు ఆఫ్రికా దేశాలలోనూ, భారతదేశంలోనూ, యెమెన్‌లోనూ నమోదు చేసి రెండేళ్లపాటు గమనించిన రెమెడీ అనే అధ్యయనం ఉంది. వారి నడిమి వయసు 28, మూడింట రెండు వంతులు ఆడవాళ్లు. అంటే మీ చెల్లెలి వంటివాళ్లే. రెండేళ్లలో 16.9 శాతం మంది చనిపోయారు. మరణాలు పేద దేశాలలో ఎక్కువగా ఉన్నాయి, ప్రాథమిక పాఠశాల దాటి చదువుకున్నవాళ్లలో తక్కువగా ఉన్నాయి. ఆ రెండో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే మేము ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో వాల్వు వైశాల్యం కొలుస్తాము గానీ రోగి ఎన్నో తరగతి చదివిందో ఏనాడూ రాసుకోము. అదే అధ్యయనంలో, రక్తం పలచబడే మందు అవసరమైనవాళ్లలో ఐ.ఎన్.ఆర్. ఉండవలసిన పరిధిలో ఉన్నది 28.3 శాతం మందికే. కాబట్టి మీ చెల్లెలిది ఒక్క మనిషి అశ్రద్ధ అనడానికి లేదు, ఆ లెక్క ప్రకారం పరిధిలో లేనివాళ్లే ఎక్కువ.

ఇది మన దేశానికే పరిమితం అనుకోకండి. ఇంగ్లండులో వైద్యం అందరికీ ఉచితమే. అక్కడ బర్మింగ్‌హామ్‌లోనూ వాయవ్య ప్రాంతంలోనూ ఉన్న ఐదు ఆసుపత్రులలో పదేళ్ల కాలంలో గుండె ఆపరేషన్ చేయించుకున్న 44,902 మందిని, వారు నివసించే వాడల పేదరికాన్ని బట్టి విడదీసి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో బైపాస్‌లు కూడా ఉన్నాయి, వాల్వులు మాత్రమే కావు. పొగతాగడం, మధుమేహం, బరువు వంటివి పేద వాడలలో ఎక్కువే. అవి లెక్కలోకి తీసుకున్నాక కూడా పేదరికం దానంతటదిగా మరణాన్ని పెంచుతున్నట్టు తేలింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడే కాదు, ఇంటికి వెళ్లాక సంవత్సరాల తరబడి కూడా ఆ తేడా కనిపించింది.

ఇక మీ ఇంట్లో జరిగినదాని సంగతి. మెటల్ వాల్వు అరిగిపోదు, కానీ రక్తం దాన్ని ఎన్నటికీ తన సొంతం అనుకోదు, అవకాశం దొరికితే దాని మీద గడ్డ కడుతుంది. అందుకే జీవితాంతం మాత్ర. మైట్రల్ స్థానంలో ఐ.ఎన్.ఆర్. 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి; తగ్గితే గడ్డ, పెరిగితే మెదడులోనో కడుపులోనో రక్తస్రావం. మన దగ్గర ఎక్కువగా రాసే ఎసినోకౌమరాల్ మాత్ర ప్రభావం ఆపిన రెండు రోజుల్లోనే దిగిపోతుంది, వార్ఫరిన్ అయితే నాలుగైదు రోజులు పడుతుంది. తొమ్మిది రోజులంటే రెండింటికీ ఎక్కువే. మాత్ర మానిన రోజు ఏ నొప్పీ ఉండదు, అదే దీనిలో ఉన్న మోసం.

నాకు అసలు బాధ కలిగించేది ఆపరేషన్‌కు ముందు జరిగే సంభాషణ. జంతు కణజాలంతో చేసిన వాల్వు వేస్తే ఈ మాత్ర సాధారణంగా కొన్ని నెలలతో సరిపోతుంది గానీ, పాతికేళ్ల మనిషిలో అది పది పదిహేనేళ్లు కూడా నిలవకపోవచ్చు, మళ్లీ ఛాతీ తెరవాలి. అందుచేత చిన్న వయసువారికి మెటల్ వాల్వు వేయమని పుస్తకం చెబుతుంది, మేమూ వేస్తాము. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్. వలియతాన్ గారి నాయకత్వంలో తయారై 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్రా వాల్వు వచ్చాక వాల్వు ధర దిగి, పేదవారి ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. కానీ వాల్వు చవక అయినంత మాత్రాన పరీక్ష దగ్గర కాలేదు. రోగి వయసు అడుగుతాము, ఐ.ఎన్.ఆర్. ఎక్కడ చూస్తారు, ఎన్ని కిలోమీటర్లు, ఎవరు తోడు వస్తారు అని అడిగేవాళ్లం తక్కువమంది. నన్ను కూడా ఆ లెక్కలోనే వేసుకోండి.

ఒక హెచ్చరిక. పరీక్ష అక్కరలేని కొత్త మాత్రలు వచ్చాయని ఎవరైనా చెబితే మార్చవద్దు. మెటల్ వాల్వు ఉన్నవారికి ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన ప్రయోగంలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువై దాన్ని మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. మెటల్ వాల్వుకు పాత మాత్రలే.


సమాధానం: విశ్రాంత ఉద్యోగి

నాకు పదకొండేళ్ల కిందట అయోర్టిక్ వాల్వు (గుండె నుంచి రక్తం ఒంటికి పోయే దారిలో ఉండేది) మార్చారు. ఇంతవరకూ ఒక్క రోజు మాత్ర మరిచిపోలేదు. ఎవరినీ నొప్పించాలని కాదు గానీ, ప్రభుత్వం లక్షల రూపాయల ఆపరేషన్ ఉచితంగా చేయించిన తర్వాత రోజుకు ఒక మాత్ర వేసుకునే బాధ్యత మనదే కదా? తొమ్మిది రోజులు మాత్ర లేకపోతే కనీసం ఎవరికైనా ఫోన్ చేయవచ్చు. ప్రతిదానికీ పేదరికాన్ని కారణంగా చూపితే మనిషి చేయగలిగినది కూడా చేయడు. మాత్ర ఖరీదు కూడా మరీ ఎక్కువ కాదు.


సమాధానం: కోరుట్ల అక్క

విశ్రాంత ఉద్యోగి గారికి నమస్కారం. మాత్ర ఖరీదు ఎక్కువ కాదన్న మాట నిజమే. నేను బీడీలు చేస్తాను, నాకు వాల్వు వేసి పదహారేళ్లు అయింది, మాత్ర ధర నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కానీ అయ్యా, మీ మాత్ర మీ ఇంటి అలమరలో ఉంటుంది. నాది నాలుగేళ్లు బీడీ ఆకుల చాటలో అడుగున, గుడ్డలో చుట్టి ఉండేది.

ఎందుకో చెబుతాను. నాకు పెళ్లికి ముందే ఆపరేషన్ అయింది. ఛాతీ మీద కుట్ల సంగతి చిన్నప్పుడు ఏదో చిన్న ఆపరేషన్ అని చెప్పి మా వాళ్లు పెళ్లి చేశారు. రోజూ మాత్ర వేసుకుంటున్నానని తెలిస్తే రోగిష్టి దాన్ని అంటగట్టారని గొడవ అవుతుందని భయం. రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వాల్వు టిక్ టిక్ అనేది బయటికి వినిపిస్తుంది, అది మా ఆయనకు వినపడకుండా గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. పరీక్షకు పోవాలంటే పుట్టింటికి పోతున్నానని చెప్పాలి, పుట్టింటికి నెలనెలా ఎవరు పంపుతారు? అందువల్ల ఐ.ఎన్.ఆర్. మూడు నెలలకో నాలుగు నెలలకో ఒకసారి. నెలసరి వస్తే ఎనిమిది తొమ్మిది రోజులు తెగకుండా పోయేది, రక్తం తక్కువై కళ్లు తిరిగేవి, అప్పుడు భయపడి నాకు నేనే సగం మాత్ర వేసుకునేదాన్ని. అది తప్పని ఇప్పుడు తెలుసు. అప్పుడు చెప్పేవాళ్లు లేరు, అడిగే ధైర్యం నాకూ లేదు.

చివరికి మా ఆయనకు నేనే చెప్పాను. గొడవ అయింది, నెల రోజులకు సద్దుమణిగింది. ఇప్పుడు మాత్ర వేళకు నాకు గుర్తుచేసేది ఆయనే.

నల్లమల అన్నా, మీ చెల్లెలి కోసం నేను పాటించేవి చెబుతాను. గోడ మీద క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న ప్రతి రాత్రీ తేదీ మీద గీత గీస్తాను, చదువు రానివాళ్లకు కూడా ఇది సాగుతుంది. డాక్టరు వారంలో మూడు రోజులు ఒక డోసు, నాలుగు రోజులు ఇంకో డోసు అని చెప్పినప్పుడు రెండు రంగుల పెన్సిళ్లు వాడతాను. పది మాత్రలు మిగిలి ఉండగానే కొత్త స్ట్రిప్పులు తెప్పిస్తాను. మా మెడికల్ షాపు ఆయనకు నేను నెలకు ఇన్ని తప్పకుండా కొంటానని మాట ఇచ్చాక ఆయన తెప్పించి పెడుతున్నాడు. మీ మండలం షాపులో కూడా అడిగి చూడండి. పుంటికూర, మునగాకు పూర్తిగా మానేయమని ఒకరు చెబితే నేను నెల రోజులు మానేసి, తర్వాత వరుసగా నాలుగు రోజులు తిన్నాను, ఐ.ఎన్.ఆర్. ఒక్కసారిగా పడిపోయింది. ఆకుకూర మానవద్దు, ఎప్పుడూ ఒకే లెక్కన తినాలి అని ఆ తర్వాత మా డాక్టరమ్మ చెప్పింది. వానాకాలం కొన్ని రోజులు ఆకుకూర తప్ప వేరే కూర ఉండని ఇళ్లలో ఆ లెక్క కుదరడం కష్టమే, అందుకే ఆ కాలంలో పరీక్ష ముందుగా చేయించుకుంటాను.

ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గరికి పోయినప్పుడు వాల్వు సంగతి మొదటి మాటగా చెప్పమనండి. నాకు ఒకసారి నడుము నొప్పికి సూది వేస్తే పిరుదు మీద అరచేయంత నల్లగా రక్తం గడ్డ కట్టింది.


సమాధానం: గుండె వైద్యుడు, కర్నూలు

అక్క గారు చెప్పినదానికి కొంచెం చేర్పు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఈ మాత్రతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్ వంటివి ఐ.ఎన్.ఆర్.ను పైకి లాగుతాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కిందికి లాగేస్తుంది, అది మొదలుపెట్టినా ఆపినా డోసు మళ్లీ సరిచూడాలి. పల్లెలో విరోచనాలకు, జ్వరానికి, నొప్పులకు చేతికి వచ్చేవి సరిగ్గా ఈ మందులే.

విశ్రాంత ఉద్యోగి గారి క్రమశిక్షణను నేను గౌరవిస్తాను. అయితే అయోర్టిక్ స్థానంలో రక్తం వేగంగా పోతుంది, గడ్డ కట్టే ప్రమాదం మైట్రల్ స్థానం కంటే తక్కువ. అంటే మీకు ఒక రోజు తప్పినా కొంత వెసులుబాటు ఉంటుంది, ఆ అమ్మాయికి అంత ఉండదు. ఎవరికి తప్పు చేసే అవకాశం తక్కువో వారికే తప్పు జరిగే పరిస్థితులు ఎక్కువగా ఉన్నాయి, నా అభ్యంతరం అక్కడే. డిశ్చార్జి కాగితంలో నేనైతే ఇలా రాస్తాను: "మందు అందుబాటులో లేక తొమ్మిది రోజులు ఆగింది, మూడు నెలలుగా పరీక్ష లేదు, డోసు సరిచేసేవారు దగ్గరలో లేరు." అప్పుడు తర్వాత చూసే డాక్టరుకు ఏమి సరిచేయాలో తెలుస్తుంది. "సక్రమంగా వాడలేదు" అని చదివితే ఆయన చేయగలిగింది రోగిని తిట్టడం ఒక్కటే.

ఇంకొక ముఖ్యమైన మాట. మీ చెల్లెలికి పిల్లలు కావాలని ఉంటే, నెల తప్పకముందే గుండె డాక్టరును కలవాలి. ఈ మాత్ర గర్భం ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని భయపడి ఇంట్లోనే ఆపేస్తే తల్లి వాల్వు మూసుకుపోతుంది. మధ్యలో గడ్డ కట్టకుండా ఆపే హెపారిన్ సూదులకు మారాలా, తక్కువ డోసుతో మాత్రే కొనసాగించాలా అన్నది ఆమె డోసును బట్టి నిర్ణయించేది. మేము తరచుగా చూసేది, మూడో నెలలో ఆయాసంతో వచ్చే అమ్మాయిని.


సమాధానం: ల్యాబు టెక్నీషియన్

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తాను. డాక్టర్లు చర్చించని ఒక చిన్న విషయం చెబుతాను, ఎందుకంటే తప్పుడు రిపోర్టు మీద డోసు మార్చడం పరీక్ష లేకపోవడం కంటే ప్రమాదం.

ఐ.ఎన్.ఆర్. రక్తాన్ని నీలి మూత ఉన్న గొట్టంలో తీయాలి. అందులో ముందే రక్తం గడ్డ కట్టకుండా ఉంచే సిట్రేట్ ద్రవం కొంచెం ఉంటుంది, తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు. గొట్టం మీద గీత వరకు రక్తం నింపకపోతే సిట్రేట్ పాలు ఎక్కువై ఐ.ఎన్.ఆర్. ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి డోసు తగ్గిస్తే గడ్డ కడుతుంది. నరం దొరకని సన్నని చేతుల ఆడవాళ్లలో, తొందరగా బస్సు పట్టుకోవాలని కూర్చున్నవాళ్లలో ఇది ఎక్కువగా జరుగుతుంది. గొట్టం గీత వరకు నిండిందో లేదో మీరే చూడండి, అడగడానికి మొహమాటపడవద్దు. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి, ఎందుకంటే వాడే రసాయనాన్ని బట్టి అంకె కొంచెం మారవచ్చు.

మీ పి.హెచ్.సి.లో రక్తం తీసి జిల్లా కేంద్రానికి పంపి, ఫలితం ఫోనుకు మెసేజ్‌గా పంపే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఏర్పాటు ఉంది. ఐ.ఎన్.ఆర్. కూడా మీ జిల్లా ల్యాబులో చేస్తున్నారా అని అడగండి. ఈ రక్తం చల్లబెట్టకుండా మామూలు గదిలో ఉంచితే ఆ రోజంతా పనికొస్తుంది కాబట్టి, ఉదయం తీసినది సాయంత్రం చేసినా అంకె చెడదు.


సమాధానం: విశ్రాంత ఉద్యోగి

కోరుట్ల అక్క గారి సమాధానం రెండుసార్లు చదివాను. నా మాటలో "ఎవరికైనా ఫోన్ చేయవచ్చు" అన్న వాక్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నాకు ఫోన్ చేయడానికి ఒక డాక్టరు నంబరు ఉంది, ఆయన ఎత్తుతారు కూడా. అది అందరికీ ఉంటుందని అనుకున్నాను.


సమాధానం: నల్లమల అన్న

అందరికీ కృతజ్ఞతలు. ఈ రెండు వారాల్లో చేసినవి చెబుతాను. మా పి.హెచ్.సి.లో అడిగితే ఐ.ఎన్.ఆర్. గురించి జిల్లాకు రాసి చూస్తామన్నారు, ఇంకా జవాబు రాలేదు. అందాకా అచ్చంపేటలో ఒకే ల్యాబు పెట్టుకున్నాము. మొన్న నేనే గొట్టం చూశాను, సగమే నింపారు. అడిగితే అక్కడి అబ్బాయి విసుక్కున్నాడు గానీ ఇంకో చేతికి మళ్లీ తీశాడు. అంకె 2.7 వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రిలో గుండె విభాగంలో ఉన్న ఒక సిస్టర్ రిపోర్టు ఫోటో వాట్సాప్‌లో పంపితే డాక్టరుకు చూపించి డోసు చెప్పడానికి ఒప్పుకుంది. అది ఆమె మంచితనమే తప్ప ఏర్పాటు కాదని తెలుసు, ఆమె బదిలీ అయితే మళ్లీ మొదటికి వస్తాము. మెడికల్ షాపు ఆయన నెలకు ఆరు స్ట్రిప్పులు తెప్పిస్తానన్నాడు, డబ్బు ముందే ఇవ్వమన్నాడు, ఇచ్చాము.

డిశ్చార్జి కాగితం వెనుక ఖాళీ వైపు డాక్టరు గారు రాసిన మూడు వాక్యాలనూ ఇక్కడ ఉన్నది ఉన్నట్టు నా చేతితో రాసి పెట్టాను. తర్వాతి పరీక్ష పదిహేను రోజుల తర్వాత, సోమవారం ఉంది. ఆ రోజు మా మేస్త్రీ సెలవు ఇవ్వనన్నాడు కాబట్టి చెల్లెలు మొదటిసారి ఒంటరిగా పోతోంది. గొట్టం మీద గీత ఎక్కడుంటుందో నీళ్ల సీసా మీద పెన్నుతో గీసి చూపించాను.